లేని పుస్తకం పోయింది

మా కాలేజీ లైబ్రరీలో పుస్తకాలివ్వడమే కాదు, వాటిని వెతకడం పిల్లలకు నేర్పడం కూడా నా పనే. "మీరు రాసే ప్రతి పుస్తకం పేరూ నిజంగా ఉందో లేదో చూసుకోండి" అని తొమ్మిదేళ్లుగా క్లాసులో చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. ఉద్యోగం మాత్రం ఏడాదికోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈసారి పొడిగించాలంటే పాఠం చెప్పడంలో మూడు రోజుల శిక్షణ పొంది సర్టిఫికెట్ తేవాలన్నారు. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఆర్నెల్లయింది. మారు మాట్లాడకుండా వెళ్లాను.

శిక్షకుడు మంచి మాటకారి. మాలాంటి లైబ్రేరియన్లను పద్నాలుగు మందిని కూర్చోబెట్టి, "ఉపన్యాసాలు ఇవ్వకండి, పిల్లలతో పని చేయించండి" అని మూడు రోజులూ ఉపన్యసించాడు. చివరి మధ్యాహ్నం ఒక్కొక్కరం పది నిమిషాల పాఠం చెప్పాలి. నా వంతు వచ్చేసరికి, రాసుకున్న కాగితాలు ఇంట్లోనే వదిలేశానని తెలిసింది. కంగారులో బల్ల మీదున్న కాగితం అందుకున్నాను. అది మేం చదవాల్సిన పుస్తకాలంటూ ఆయన పంచిన జాబితా.

"తలా ఒకటి వెతకండి. ఉందో లేదో చెప్పండి," అన్నాను.

లైబ్రేరియన్లను వెతకమంటే ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. పదమూడు ఫోన్లు బయటికొచ్చాయి. అయిదు నిమిషాల్లో వెనక వరుసలోని కళ్లజోడామె తలెత్తింది.

"నాలుగోది ఎక్కడా లేదండీ."

"ఏ లైబ్రరీలోనూ?"

"అసలు ఎవరూ అచ్చే వెయ్యలేదు. రాసినవారు మాత్రం మన శిక్షకుడు గారే అని జాబితాలో ఉంది."

ఆయన తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని మార్కుల ఫారం తీశాడు. ఫారంలో 'అందరూ పాల్గొన్నారు' అన్నచోట నాకు పదికి పది వేశాడు. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు.

శిక్షకుడు ఫోన్ చేశాడట, మర్నాడు మా పెద్ద లైబ్రేరియన్ పిలిచారు.

"ఆయన పుస్తకం లేదని అందరి ముందూ తేల్చేస్తే ఎలాగమ్మా?"

"నేను తేల్చలేదు సార్. వాళ్లు వెతికారు."

"అంత బాగా నేర్పమని ఎవరన్నారు?" పాము చావకుండా, కర్ర విరగకుండా పని జరిపించడంలో ఆయన దిట్ట. ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడగల మా కేటలాగ్ తెర నా వైపు తిప్పారు. "ఆ పేరు ఇందులో ఎక్కించి, పక్కన 'పోయింది' అని పెట్టు. పోయిందంటే ఒకప్పుడు ఉన్నట్టే కదా. సర్టిఫికెట్ రేపు వస్తుంది."

నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత మా ఆయన గుర్తొచ్చాడు. సిగ్గుతో చచ్చిపోతూనే ఎక్కించాను. పేజీలెన్ని అని కేటలాగ్ అడిగితే రెండు వందల పన్నెండు అని కొట్టాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు.

సర్టిఫికెట్ వచ్చింది, పొడిగింపూ వచ్చింది. వారం తర్వాత కళ్లజోడామె ఫోన్ చేసింది.

"అక్కా, ఆ పుస్తకం ఉంది. మనమే పొరపాటు పడ్డాం. శిక్షకుడు గారికి క్షమాపణ చెప్తూ అందరం ఉత్తరం రాశాం. మీ పేరే ముందు పెట్టాం."

"ఉందని ఎలా తెలిసింది?"

"మీరు నేర్పినట్టే మళ్లీ వెతికాను. మీ కేటలాగ్‌లోనే దొరికింది, రెండు వందల పన్నెండు పేజీలు. పక్కన 'పోయింది' అని ఉంది. కొంచెం జాగ్రత్తగా చూసుకోవాల్సింది కదక్కా. లోకం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క కాపీనే."