నవ్వే షాటు

ఫ్లోరు నిండా సాంబ్రాణి పొగ, ఆ పొగలో పరాంకుశం చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు, లైట్‌మెన్ లేరు, కెమెరా దగ్గర మనిషి లేడు, అట్టలతో కట్టిన కోట మాత్రం తలుపులు బార్లా తెరుచుకుని ఉంది, ఆ కోట మెట్లెక్కితే తేలేది కోడంబాక్కంలో వాళ్ళు అద్దెకున్న ఇంటి వంటింట్లో. అక్కడ పీట మీద ఆయన భార్య చూడామణి కూర్చుని ఉంది, మంత్రగత్తె వేషంలోనే, మసి పూసిన బుగ్గలూ, చెదిరిన జుట్టూ, చేతులకి కట్టిన తాళ్ళూ. ఆవిడ పోయి ఏడాదైందని పరాంకుశానికి తెలుసు. తెలిసీ "కాఫీ తాగావా?" అని అడుగుతున్నాడు, చూడండి మనిషి తెలివి!

"కాఫీ సంగతి తర్వాత. నన్ను తగలబెట్టే షాటు తీశారు, నవ్వే షాటు తీయలేదు," అంటుంది.

తెర మీద చచ్చినవాళ్ళ చేత వెంటనే ఓ నవ్వు నవ్వించి, అది కూడా కెమెరాలో పట్టి గానీ ప్యాకప్ చెప్పరు. లేకపోతే కీడంటారు సినిమావాళ్ళు.

"తీయనిచ్చావా? పగబట్టిన మంత్రగత్తె ఇకిలిస్తే జనం జడుస్తారా అని నువ్వే గదా లేచి వెళ్ళిపోయావు!"

"బతిమాలొచ్చు గదండీ. డైరెక్టరు మీరా, నేనా?"

పరాంకుశానికి ఏడుపొస్తుంది. ఫొటోలంటే ఆవిడకి మొదట్నుంచీ పడదు, ఇంట్లో ఒక్కటీ లేదు, జనం ఆవిణ్ణి ఆ ఒక్క సినిమాతోనే గుర్తుపెట్టుకున్నారు, పోయినప్పుడు పేపరువాళ్ళూ ఆ మసి మొహమే వేశారు, ఒంటరి కొంపలో కళ్ళు మూసుకుంటే ఇప్పుడు తనకూ అదే కనిపిస్తోంది.

"చూడామణీ, నీ మొహం మర్చిపోయానే. ఒక్కసారి కడుక్కుని చూపించవే."

"హవ్వ! అన్నేళ్ళు కాపురం చేసి పెళ్ళాం మొహం మర్చిపోయారా? ఎవరైనా వింటే నవ్విపోతారు," అంటూనే మోకాలితో కొబ్బరినూనె గిన్నె ఆయన వైపు జరుపుతుంది. "నా చేతులు కట్టేసి ఉన్నాయి, మీరే తుడవండి."

వంటిల్లు రైలుపెట్టెలా ఊగుతూ ఎక్కడికో కదులుతోంది, ఆయన ఎడమచేత్తో ఆవిడ గడ్డం పట్టుకుని కుడిచేత్తో నూనెగుడ్డ నుదుటి మీద పెడతాడు, మసి కరిగి కారుతుంది, కింద ఇంకా మసి, తుడిచినకొద్దీ పొగ కమ్ముకొస్తుంది, "కదలకు, అయిపోయింది, కదలకు," అంటున్నాడు, ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, గడ్డం ఆయన అరచేతిలో అదురుతోంది, నవ్వు వినిపిస్తోంది, మొహమే కనబడటం లేదు.

తలుపు చప్పుడు. "అయ్యగారూ, క్యారేజీ!"

మిట్టమధ్యాహ్నం. మెస్సు నుంచి భోజనం తెచ్చిన మనిషి. పరాంకుశం మంచం మీద లేచి కూర్చుంటాడు. మొహం గుర్తు తెచ్చుకోబోతే మళ్ళీ ఆ మంత్రగత్తే వస్తోంది. ఎడమచెయ్యి మాత్రం దుప్పటి మీద వంగి ఉంది, బొటనవేలు ఒకపక్క, నాలుగు వేళ్ళు ఒకపక్క, మధ్యలో సరిగ్గా ఆవిడ గడ్డం పట్టేంత సందు.

"అయ్యగారూ!"

"వస్తున్నా," అంటాడు. ఆ చెయ్యి ముడవకుండా, చాపకుండా, కుడిచేత్తో గడియ తీస్తాడు.