జిగురు పలచబడిన వారం

ఇందులో ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో చెప్పడంలో కాస్త అటూ ఇటూ కావచ్చు. ఈ మధ్య ఒక రోజు ఇంకో రోజు మీదికెక్కి కూర్చుంటోంది. జరిగినవి మాత్రం ఇవే.

బైండరమ్మ రోజూ పొద్దున్న ఎనిమిదింటికి మేడ మెట్లు దిగి, కింద ఉన్న బైండింగు షాపు తలుపు తీసేది. దిగగానే స్టవ్ వెలిగించి జిగురు కాచేది. రెండు గుప్పిళ్ళ మైదా, చెంబెడు నీళ్ళు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. నలభై ఏళ్ళుగా అదే కొలత, అదే గిన్నె.

కొలత ఒకటే అయినా జిగురు రోజూ ఒకేలా వచ్చేది కాదు. ఆరేళ్ళ కిందట ఆమె గుండెలో లోహపు కవాటం పెట్టారు. అప్పట్నుంచి ఆమె కాచిన జిగురు ఆమె రక్తాన్ని బట్టి నడుచుకునేది. రక్తం చిక్కబడితే చిక్కబడేది, పలచబడితే పలచబడేది. వానాకాలంలో అట్టలు తొందరగా ఆరవని అందరికీ ఎలా తెలుసో ఇదీ అలాగే తెలుసు. షాపు ఇప్పుడు మేనకోడలి చేతిలో ఉంది. ఆ పిల్ల వస్తూనే గిన్నెలో బ్రష్షు ముంచి పైకెత్తి చూసేది.

"అత్తా, నీ నెత్తురు ఇవాళ భేషుగ్గా ఉంది. రిజిస్టర్లు అతికించేద్దాం."

"నా నెత్తురు సంగతి తర్వాత, ముందు ఆ పంకా ఆపు, కాగితాలెగిరిపోతున్నాయి," అనేది బైండరమ్మ.

కవాటం మీద గడ్డ కట్టకుండా ఆమె రోజూ సాయంత్రం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే అంకె ఒకటుంది, ఐఎన్ఆర్ అంటారు. ఆమెకది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ కట్టి మెదడుకి ఎక్కుతుంది, మరీ పెరిగితే లోపలెక్కడో రక్తం కారడం మొదలవుతుంది. "గట్టు మీద నడక లాంటిదమ్మా ఇది. ఇటు జారినా కష్టమే, అటు జారినా కష్టమే," అని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది.

వేసుకున్న ప్రతి మాత్రకీ క్యాలెండర్‌లో టిక్కు పెట్టాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

బైండింగులో పుస్తకం ఫారాలు, అంటే మడత పెట్టిన కాగితాల కట్టలు, వరసగా ఏరేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముందు చీటీ మీద అంకెకి టిక్కు పెట్టి, ఆ తర్వాతే ఫారం అందుకోవాలి. ఫారాలు చేతిలోకొచ్చాక పెన్సిల్ పట్టుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు మరి. నలభై ఏళ్ళు అలా ఏరిన చెయ్యి మాత్రల దగ్గరా అదే చేసింది. ముందు టిక్కు పెట్టేది. ఆనక మంచినీళ్ళ కోసం వంటింట్లోకి నడిచేది. అక్కడ పాలు పొంగుతుండేవి, లేదంటే కుళాయి కారుతుండేది. అది చూసుకుని తిరిగొచ్చేసరికి గోడ మీద టిక్కు కనపడేది.

"వదినా, మాత్ర వేసుకున్నావా?" అని, ఆమెతోనే ఉండే ఆడపడుచు హాల్లోంచి అరిచేది. ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన గొంతు అది, పక్కింటివాళ్ళు కూడా తమ మాత్రలు గుర్తు తెచ్చుకునేవాళ్ళు.

బైండరమ్మ క్యాలెండర్ వంక చూసి, "ఎప్పుడో!" అనేది. ఆ మాట అబద్ధమని ఆమెకీ తెలీదు.

నెలాఖరున కొత్త మందులు తెచ్చుకోబోతూ చూసుకుంటే పాత అట్టలో ఎనిమిది మాత్రలు మిగిలాయి. క్యాలెండర్‌లో ఒక్క గడీ ఖాళీ లేదు. ఆమె మంచం మీద కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ ఎనిమిదే.

ఆమె కట్టిన పుస్తకంలో ఒక ఫారం తప్పిందని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. అది తల్చుకుంటే చెవుల దాకా వేడెక్కింది. వాళ్ళమ్మ చివరి రోజుల్లో స్నానాల గది ఎటో తెలీక అటక కింద నిలబడి ఏడ్చేది. ఈ ఎనిమిది మాత్రలూ ఎవరైనా చూస్తే ఈమెకీ మతి పోతోందంటారు. షాపు తాళం మెల్లిగా చేతిలోంచి తీసుకుంటారు. పుస్తకాల వరస చూసే పని ఇంకెవరికో ఇస్తారు. ఆమె ఆ అట్టని సూదుల డబ్బాలో, దారపుండల అడుగున దాచేసింది.

ఆ వారమే జిగురు గడ్డలా వచ్చింది. మేనకోడలు బ్రష్షు వదిలేస్తే అది గిన్నె మధ్యలో నిటారుగా నిలబడింది.

"అత్తా, బ్రష్షు నీకు సెల్యూట్ కొడుతోంది. పద ఆసుపత్రికి."

అంకె ఒకటీ పాయింట్ ఏడు వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి, "మధ్యలో మాత్రలేమైనా తప్పాయా అమ్మా?" అంది.

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన మేనకోడలు ఉంది, వెనక ఆడపడుచు ఉంది.

"లేదండీ. క్యాలెండర్‌లో టిక్కులున్నాయి."

"రోజూ నేనే అడుగుతానండీ, నేను సాక్ష్యం," అంది ఆడపడుచు.

డాక్టరమ్మ నమ్మింది. నమ్మింది కాబట్టే, నాలుగు మిల్లీగ్రాములు సరిపోవడం లేదనుకుని ఆరుకి పెంచింది.

ఇంటికొచ్చాక బైండరమ్మకి ఆ సూదుల డబ్బా కంట్లో నలుసైపోయింది. మాత్రలు పారేద్దామంటే చెత్తబుట్ట సర్దేది ఆడపడుచు. కాలవలో వెయ్యడానికి మనసొప్పలేదు, మందు కదా. చివరికి తన పని తెలిసినవాళ్ళకి మాత్రమే తట్టే ఆలోచన ఒకటి తట్టింది. తప్పిన ఫారాన్ని ఏం చేస్తారు? వెతికి, ఉండాల్సిన చోట పెట్టి కుట్టేస్తారు. తప్పిన మాత్రలూ అంతేగా? రోజుకొకటి చొప్పున అదనంగా మింగేస్తే అట్ట ఖాళీ అవుతుంది, టిక్కులన్నీ నిజమవుతాయి. ఎవరికీ చెప్పక్కర్లేదు.

అలా ఆరు మిల్లీగ్రాముల మాత్ర అందరి ముందూ, నాలుగుది తలుపు చాటునా వేసుకోవడం మొదలుపెట్టింది.

అయిదో రోజు గిన్నెలో జిగురు నీళ్ళలా కదిలింది. మేనకోడలు రాకముందే ఆమె దాన్ని మోరీలో పారబోసి, స్టేషనరీ కొట్లో సీసా జిగురు కొనుక్కొచ్చి గిన్నెలో ఒంపింది. మర్నాడూ అంతే. పళ్ళు తోముకుంటే ఉమ్మి ఎర్రగా వచ్చింది. మోచేతుల కింద వంకాయ రంగు మచ్చలు లేచాయి. ఎండాకాలంలో స్వెట్టర్ తొడుక్కుంది.

"చలేస్తోందా అత్తా, లేక ఫ్యాషనా?"

"నీకెందుకే, నా ఒళ్ళు నా ఇష్టం," అని కసిరింది. కసిరినందుకు మళ్ళీ సిగ్గుపడింది. ఆ పిల్ల ఏమన్నదని?

ఎనిమిదో మాత్ర కూడా మింగిన మర్నాడు, షాపు తలుపు తీసీ తియ్యకముందే వీధిలోని టైలర్ వచ్చాడు. చేతిలో కొలతల పుస్తకం ఉంది, ఉన్నదంతా విడి కాగితాలే. దాని అట్ట చంకలో ఉంది.

"బైండరమ్మా, ఒంట్లో బాగుందా?" అన్నాడు.

"నాకేం? పుస్తకం ఏమైంది?"

"నువ్వు పదకొండేళ్ళ కిందట కట్టిందే. రాత్రి దాకా రాయిలా ఉంది. పొద్దున్న తెరిస్తే పుస్తకం వీపు తడి తడిగా జారిపోయింది. అందుకే అడుగుతున్నా, ఒంట్లో ఎలా ఉంది?"

అంతవరకూ గిన్నెలో జిగురే ఆమె నెత్తురు మాట వినేది. ఎండిన జిగురు ఎప్పుడూ కదల్లేదు.

ఆయన వెళ్ళకముందే బడి పెద్ద పంతులమ్మ హాజరు పట్టీ చీరకొంగులో మూటకట్టుకొచ్చింది. ఏడో తరగతి పిల్లలంతా ఆరో తరగతిలో కలిసిపోయారట. ఫోటో స్టూడియో ఆయన ఆల్బం తెచ్చాడు. తాళాలు బాగుచేసే ముసలాయన తన పాత నిఘంటువు మోసుకొచ్చాడు. షాపు ముందు జనం పోగయ్యారు. ఒక్కరూ విసుక్కోలేదు. ఒక్కరూ మళ్ళీ కట్టివ్వమనలేదు. అందరూ ఆమె మొహంలోకే చూస్తూ, "కళ్ళు తిరుగుతున్నాయా?", "కూర్చో తల్లీ, నిలబడకు," అన్నారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. స్వెట్టర్ చేతులు వేళ్ళ దాకా లాక్కుంది.

ఇంతలో మేడ మీంచి ఆడపడుచు దిగింది. "వదినా! నా ఫోన్ నంబర్ల పుస్తకం మెట్ల మీద ఆకు ఆకుగా రాలిపోయింది. ఏం చేశావే నువ్వు?"

మేనకోడలు గిన్నె దగ్గరికెళ్ళి వేలు ముంచి వాసన చూసింది. "ఇది సీసా జిగురు," అంది. తర్వాత వచ్చి అత్త స్వెట్టర్ చెయ్యి పైకి జరిపింది. మచ్చలు చూసి, ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది.

ఆసుపత్రిలో ఐఎన్ఆర్ చూసే బల్ల వరండాలోనే ఉంటుంది. బెంచీల మీద పాతికమంది దాకా కూర్చున్నారు, అందరివీ అలాంటి గుండెలే, అలాంటి మాత్రలే. బల్ల దగ్గరి అమ్మాయి బైండరమ్మ వేలు గుచ్చి, అంకె చూసి, కుర్చీలోంచి లేచి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. ఎనిమిదీ పాయింట్ ఆరు.

"మిమ్మల్నెవరు పంపారు? ఇంకా వారం ఉందిగా పరీక్షకి?" అంది డాక్టరమ్మ.

"వీధిలో పుస్తకాలన్నీ ఊడిపోయాయండీ," అంది మేనకోడలు.

డాక్టరమ్మ తలూపి కేసు కాగితం మీద అది రాసుకుంది. "మంచిదైంది. ఇంకో రెండు రోజులు పోతే స్ట్రెచర్ మీద తెచ్చేవాళ్ళు. కానీ ఆరు మిల్లీగ్రాములకే ఇంత పెరగకూడదే. కాలేయం చూడాలి. అమ్మా, వేరే మందులేమైనా వాడారా?"

"ఆకుకూరలు తింటే మందు పని తగ్గుతుందని మానేశానండీ," అంది బైండరమ్మ. ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో, నోట్లో ముందే సిద్ధంగా ఉన్నట్టుంది.

డాక్టరమ్మ అదీ రాసుకోబోయింది. ఆడపడుచు బెంచీ మీంచి లేచింది.

"మా వదినని మీరు అనుమానించకండి డాక్టరుగారూ! ఒక్క పూట తప్పదు, ఒక్క పూట ఎక్కువ వేసుకోదు. అంత నిక్కచ్చి మనిషి ఈ చుట్టుపక్కల లేదు. నేను రాసిస్తా!"

వరండా అంతా వినపడింది. బైండరమ్మ ఆడపడుచు వంక చూసింది. హడావిడిలో చెప్పులు తారుమారు చేసుకొచ్చింది ఆ మనిషి. ఒక కాలికి తనది, ఇంకో కాలికి వదినది. ఈమె సాక్ష్యం చెప్పబట్టే కిందటిసారి మందు పెరిగింది. ఇప్పుడీ సాక్ష్యంతో కాలేయంలో లేని జబ్బు వెతుకుతారు.

"అది చెప్పేది నిజం కాదండీ," అంది బైండరమ్మ. "పాపం దానికి తెలీదు. నేను టిక్కు ముందు పెడతాను. మాత్ర తర్వాత. మధ్యలో మర్చిపోతాను. ఎనిమిది తప్పాయి."

"కిందటిసారి అడిగాను కదమ్మా."

"సిగ్గేసింది."

"మరి ఆ ఎనిమిదీ?"

"మింగాను. ఆరుతో పాటు రోజుకొకటి. లెక్క సరిపోవాలని."

డాక్టరమ్మ పెన్ను మూసి, వంగి, ఆమె ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి, నోరు తెరిచిన ఆడపడుచుకి లైను దొరకలేదు.

"నేనూ టిక్కుల మాట నమ్మానే గానీ, అట్ట చూపించమని అడగలేదు," అంది డాక్టరమ్మ. "మాత్ర ఇప్పుడు ఆపేద్దాం. విరుగుడు మందు ఇస్తాను. రెండు రోజులు ఇక్కడే ఉండాలి. మంచం దిగితే ఎవరైనా పట్టుకోవాలి."

"నాకు మతి పోతోందా డాక్టరమ్మా? మా అమ్మకి పోయింది."

"దానికి వేరే పరీక్ష ఉంది, అదీ చేద్దాం. మతి పోయినవాళ్ళు ఇంత జాగ్రత్తగా అబద్ధం చెప్పలేరనుకుంటాను."

నవ్వొచ్చింది, నవ్వలేకపోయింది. చక్రాల కుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు. అంతమంది ముందు నుంచి వెళ్ళాలి. ఆమె తల వంచుకుని ఒళ్ళో చేతులు చూసుకుంటూ ఉంది. గుండెలో కవాటం గడియలా పడుతున్న చప్పుడు తనకే గట్టిగా వినపడుతోంది.

అప్పుడు బెంచీల వైపు నుంచి గరగరమని సన్నటి చప్పుడొకటి మొదలైంది. చేతిసంచులు తెరుస్తున్నారు. జేబులు తడుముకుంటున్నారు. మాత్రల అట్టలు ఒకటొకటిగా బయటికొస్తున్నాయి. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోవడం లేదు, పెదవులు మాత్రం లెక్కపెడుతున్నాయి.

కుర్చీ ముందుకి కదలబోతుంటే, చివరి బెంచీలో మందపాటి అద్దాల పెద్దాయన పక్కనున్న భార్య వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"నావి అయిదు మిగిలాయి," అన్నాడు.