తీసుకెళ్ళేవాళ్ళు లేని గది

మధ్యాహ్నం పూట ఇస్త్రీ పెద్దమ్మ బల్లకు నడుం ఆనించి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఉంటుంది. బల్లకు ఆనకపోతే ఆమె నిలబడలేదు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. బట్టలు ఇళ్ళకు ఇచ్చి రావాలంటే ఒక చేత్తో మూట, ఇంకో చేత్తో గోడ. గోడ లేనిచోట ఆగి, అటుగా పోయేవాళ్ళ భుజం కోసం చూస్తుంది.

ఆమె బల్లకు ఎదురుగా, వీధికి అవతలి పక్క, తలుపులు బార్లా తెరిచిన గది ఒకటి ఉంది. గుమ్మంలోంచే కనబడేట్టు అందులో ఒక వాకరు ఉంది. పట్టుకుని నడవడానికి నాలుగు కాళ్ళ ఊత. కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. పైసా ఇవ్వక్కర్లేదు. కావలసినవాళ్ళు తీసుకెళ్ళి, పని అయ్యాక తెచ్చి పెట్టొచ్చు. పెద్దమ్మ రోజూ దాన్ని చూస్తుంది. రోజూ గోడ పట్టుకునే నడుస్తుంది.

ఇదేం చోద్యం అని మీరు అడగాలి. అడగకపోతే ఈ కథ చదవడం దండగ.

ఆ గదిని పెట్టించింది మిషనక్క. వీధి మలుపులో ఆమె కుట్టుమిషను ఉంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. నోరు పెద్దది. మనసు అంతకంటే పెద్దది. ఒకసారి పక్కింటివాళ్ళు కొత్త నిచ్చెన మోసుకుంటూ వస్తుంటే చూసి, "ఇంటింటికీ ఒక నిచ్చెన ఎందుకురా నాయనా? ఏడాదికోసారి ఫ్యాను తుడిచి, మిగతా రోజులంతా అది గోడకు కాపలా కాస్తుంది," అంది. ఆ మాట అంతటితో వదిలేస్తే ఆమె మిషనక్క ఎందుకవుతుంది? మూతబడిన సైకిలు షాపు యజమాని వెంటపడి తాళం తీయించింది. వీధిలో ఆడా మగా అందరూ కలిసి బూజు దులిపారు. ఆమె భర్త తాపీ మేస్త్రి. పగిలిన గచ్చును ఆయన సరిచేశాడు. నిచ్చెన, డ్రిల్లింగు మిషను, పెద్ద వంట గిన్నెలు, చదివేసిన పాఠ్యపుస్తకాలు, చంటిపిల్లల ఉయ్యాల, చక్రాల కుర్చీ, వాకరు, అన్నీ వచ్చి చేరాయి. మన వీధి మంచిదని అందరూ పొంగిపోయారు.

ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు. తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం లేరు.

మిషనక్కకు ఒళ్ళు మండిపోయేది. తేరగా ఇస్తామన్నా వీళ్ళకు బరువైపోయిందా, అడుక్కునేవాడికి అరవై ఊళ్ళంటారు, మనవాళ్ళకు ఎదురుగా ఉన్న గది కూడా దూరమేనా అని తిట్టిపోసేది. తన మీద మాత్రం ఆమెకు అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? ఆమె నియమం ఆమెకు ధర్మంగానే ఉండేది. వస్తువు అక్రమంగా పోకూడదు, నిజంగా లేనివాళ్ళకే అందాలి. అందుకని ఎవరు గుమ్మం ఎక్కినా తన పెద్ద గొంతుతో మూడు ముక్కలు అడిగేది. ఎవరికి? మీ ఇంట్లో సంపాదించేవాళ్ళు ఎంతమంది? కొనుక్కునే తాహతు లేదా? ఉయ్యాల కోసం వచ్చిన నిండు చూలాలు ఒకామె రెండో ప్రశ్న దగ్గరే "వద్దులే అక్కా, చీరతో కట్టుకుంటాం" అని వెనక్కి తిరిగింది. పొగరు అనుకుంది మిషనక్క. అనుకుని మరిచిపోయింది.

అంతలో ఆమె ఇంటికే కష్టం వచ్చింది. మేస్త్రి పరంజా మీది నుంచి పడ్డాడు. కాలు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు, ఎముక అతుక్కునేదాకా ఆ కాలు నేలకు ఆనకూడదని చెప్పాడు. ఆనితే వంకరగా అతుక్కుంటుంది, ఇక పరంజా మాట మరిచిపోవాల్సిందేనన్నాడు. పరంజా ఎక్కని తాపీ మేస్త్రి ఏం చేస్తాడు? ఆ ఇంట్లో అన్నం ఆ కాలు మీదే నిలబడి ఉంది.

స్నానాల గది పెరట్లో ఉంది. గుమ్మం దిగాలి, వాకిలి దాటాలి. మిషనక్క భర్తను వీపు మీద వేసుకుని మోసేది. ఆమె బక్క మనిషి. ఆయన ఇటుకలు మోసి గట్టిపడ్డ మనిషి. గదిలో చక్రాల కుర్చీ ఉందని ఇద్దరికీ తెలుసు.  ఒకరోజు మేస్త్రి ఆమె వీపు మీద నుంచే అన్నాడు.

"ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని మగాళ్ళని అంటారు. మన కొంపలో అది తిరగబడిందే."

"ఆ కుర్చీ లేనివాళ్ళ కోసం పెట్టింది," అంది మిషనక్క రొప్పుతూ.

"నాకు కాలు లేదుగా ప్రస్తుతానికి."

"నవ్వించకు, జారిపోతావు. మనమే తెచ్చుకుంటే నలుగురూ ఏమంటారు? గది పెట్టిందే తన కోసమంటారు. రెక్కలున్నాయి, మోస్తాను."

రెక్కలున్నాయి, నిజమే. కానీ ఆమె కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడు ఆ రెక్కలు ఇంట్లో ఉండవుగా. అలా వెళ్ళిన ఒక పూట, మేస్త్రి ఆగలేక గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ బయల్దేరాడు. వాకిట్లో జారి, కట్టు కట్టిన కాలి మీదే పడ్డాడు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ ఎక్స్‌రే ఫోటో. ఈసారికి ఎముక కదల్లేదు, ఇంకోసారి పడితే నా చేతిలో ఏమీ లేదు అన్నాడు డాక్టరు.  ఇంటికి వచ్చి మంచం మీద పడుకున్నాక మేస్త్రి తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ చేతులకు ఇక పని ఉండదేమోనని చూసుకుంటున్నాడని మిషనక్కకు అర్థమైంది.

మర్నాడు, వీధిలో జనం పలచబడే వేళ చూసుకుని ఆమె గది దగ్గరకు వెళ్ళింది. భర్త పడ్డప్పటి నుంచి గుమ్మం బాధ్యత ఇస్త్రీ పెద్దమ్మకు అప్పగించింది. ఏమేం అడగాలో కూడా తనే నేర్పింది. ఆమెను చూసి పెద్దమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వీధిలోకి దిగింది. వీధి మధ్యలో పట్టుకోవడానికి గోడ లేదు. తూలుతూ, ఆగుతూ, వచ్చి గుమ్మం పట్టుకుంది.

"ఏం కావాలమ్మా?"

"ఆ చక్రాల కుర్చీ, పెద్దమ్మా."

"ఎవరికి?"

"అదేంటి, నీకు తెలీదూ? మా ఆయనకి."

"తెలుసు. కానీ అడగమన్నావుగా." పెద్దమ్మ గొంతులో వెటకారం లేదు. అప్పజెప్పిన పని చేస్తున్న మనిషి గొంతు అది. "మీ ఇంట్లో సంపాదించేవాళ్ళు ఎంతమంది?"

ఎదుటి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. మిషనక్క చెవులు వేడెక్కాయి. నేనొక్కదాన్నే అంది నెమ్మదిగా. వినబడలేదు, గట్టిగా చెప్పమ్మా అంది పెద్దమ్మ. మళ్ళీ చెప్పింది.

"కొనుక్కునే తాహతు లేదా?"

లేదు అంటే సరిపోతుంది. రెండక్షరాలు. వీధంతా వినేలా రోజంతా మాట్లాడగలిగే మిషనక్క నోట్లోంచి ఆ రెండక్షరాలు రాలేదు. ఇంతకాలం ఆ మాటను ఎదుటివాళ్ళ చేత మోయించింది. దాని బరువు ఎంతో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఉయ్యాల కోసం వచ్చి వెళ్ళిపోయిన మనిషి వీపు కళ్ళ ముందు కదిలింది. ఆమెది పొగరు కాదు. ఆ గుమ్మంలో నిలబడితే ఎవరైనా అలాగే వెనక్కి తిరుగుతారు.

ఆమె గుమ్మం మీద కూలబడింది. పెద్దమ్మ కూడా మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా పక్కన కూర్చుంది.

"చెప్పలేకపోతున్నావు కదమ్మా. నేనూ అంతే. ఆ వాకరు వంక రోజూ చూస్తాను. నువ్వడిగే మాటలు గుర్తొచ్చి, గోడే నయమనిపిస్తుంది. గోడ ఏమీ అడగదు."

 మిషనక్క లేచి లోపలికి వెళ్ళి ముందు వాకరు తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టింది.

"ముందు నువ్వు తీసుకో పెద్దమ్మా. నేనేమీ అడగను. ఆ తర్వాత కుర్చీ నేను తీసుకెళ్తాను. నన్నూ ఏమీ అడక్కు."

ఇద్దరూ సందులోంచి పోలేదు. నడివీధిలోంచే బయల్దేరారు. ఒకామె వాకరు ఊతంగా, ఒకామె ఖాళీ కుర్చీ తోసుకుంటూ. టీ కొట్టతను ఊరుకుంటాడా?

"ఏంటక్కా, ఊరేగింపా?"

"అవును తమ్ముడూ, తీసుకునేవాళ్ళ ఊరేగింపు. నువ్వూ వచ్చి చేరు. నీ కొట్టు పైరేకు కారుతోందిగా, నిచ్చెన లోపలే ఉంది."

టీ కొట్టతను నవ్వాడు. ఆ సాయంత్రం నిచ్చెన తీసుకెళ్ళాడు.

ఆ రోజు నుంచి గదిలో ప్రశ్నలు పోయాయి. వాటి బదులు మిషనక్క ఒకే ఒక షరతు పెట్టింది. ఏదైనా ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళకూడదు. తమకు పనికొచ్చేది ఒకటి చూసుకుని పట్టుకెళ్ళాలి. మేడలున్నవాళ్ళయినా సరే. మొదట్లో నవ్వారు. తరవాత, పాత బీరువా ఇవ్వడానికి వచ్చిన ఆసామి మొహమాటపడుతూ డ్రిల్లింగు మిషను పట్టుకెళ్ళాడు. కారున్న ఇంటి ఇల్లాలు కూతురికి పాఠ్యపుస్తకాలు తీసుకుంది. ఎవరు ఉన్నవాళ్ళో ఎవరు లేనివాళ్ళో గుమ్మంలో చూసి చెప్పడం కష్టమైపోయింది. గది ఖాళీ అవుతూ, నిండుతూ, ఊపిరి తీసుకోవడం మొదలెట్టింది.

అన్నీ చక్కబడ్డాయని అనుకోకండి. మిషనక్క ఉయ్యాల భుజాన వేసుకుని ఆ తల్లి ఇంటికి వెళ్ళేసరికి పిల్లాడు నేల మీద పాకుతున్నాడు. ఉయ్యాల వయసు దాటిపోయింది. కొన్ని తప్పులు దిద్దుకునేలోపే పిల్లలు పెరిగిపోతారు. కూర్చోమని చెప్పి, మంచినీళ్ళిచ్చి, "మా చెల్లికి నెలలు నిండాయక్కా, దానికిస్తాను" అని ఆ తల్లే ఆమె బరువు దించింది.

మేస్త్రి ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. కుర్చీ వచ్చింది కానీ మెట్ల మీద అది దిగదు. ఈసారి మిషనక్క దాచుకోలేదు. టీ కొట్టు దగ్గర నిలబడి, మా మెట్ల మీద కుర్చీ దొర్లేట్టు వాలు కట్టాలి, సాయం కావాలని నలుగురి ముందూ అడిగింది. అలా అడగడం ఆమె జీవితంలో మొదటిసారి. ఆదివారం పొద్దున్నే వీధి అంతా వాకిట్లో ఉంది. ఇళ్ళ వెనక మిగిలిపోయిన ఇటుకలు, సగం వాడి కట్టేసిన సిమెంటు బస్తాలు, ఇసక, ఎవరి దగ్గరున్నవి వాళ్ళు తెచ్చారు. మేస్త్రి గుమ్మంలో కుర్చీలో కూర్చుని, నీళ్ళెక్కువయ్యాయి, అది సిమెంటా పాయసమా అని కేకలేస్తూ పని చేయించాడు.

"ఇన్నేళ్ళ పనిలో ఇదే మొదటిసారి, నన్ను కూర్చోబెట్టి వేరేవాళ్ళు పని చేయడం," అన్నాడు చివర్లో. నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.

వాలు ఆరాక ఆయన మొదటిసారి ఎవరి వీపూ ఎక్కకుండా పెరట్లోకి వెళ్ళొచ్చాడు. మిషనక్క అందరికీ దణ్ణం పెట్టబోయింది. ఇన్నాళ్ళూ ఇవ్వడమే తెలిసిన మనిషి, దణ్ణం పెట్టేటప్పుడు చేతులు ఎక్కడ ఆపాలో తెలియక గుండెల దగ్గర పెట్టుకుని అలాగే నిలబడింది. పెద్దమ్మ ఆ చేతులు పట్టుకుని దించింది. మా గుమ్మానికి కూడా ఒక వాలు కట్టండర్రా, అడుగుతున్నాను చూడండి అంది. వచ్చే ఆదివారం అక్కడే అన్నారు. దాని తరవాత ఇంకో గుమ్మం. ఆ వీధిలో ఇప్పుడు ఆదివారాలు ఖాళీగా లేవు.

కట్టు విప్పిన రోజున ఎముక తిన్నగా ఉందని డాక్టరు చెప్పాడు. మేస్త్రి పరంజా ఎక్కాడు.

మొన్న పక్క పేటవాళ్ళు తామూ ఒక గది పెట్టుకుంటామని, నాలుగు మాటలు చెప్పమని మిషనక్కను పిలిచారు. వెళ్ళింది. ఎవరెవరు ఏమేం ఇస్తారో వాళ్ళు చెప్పబోతే ఆపింది.

"అది తర్వాత చెప్పుదురుగాని. ఇక్కడున్న మీలో ఎవరికేం కావాలో ముందు అది చెప్పండి. పైకి, అందరికీ వినబడేట్టు. మా ఆయన కాలు దాదాపు పోగొట్టుకుని నేర్చుకున్నానమ్మా ఇది. ఇచ్చే చెయ్యి ప్రతి వీధిలోనూ ఉంటుంది. నాకు కావాలి అని తలెత్తుకుని చాపే చెయ్యి, దాన్ని ఏ ప్రశ్నా వెయ్యకుండా అందుకునే మనుషులు ఉన్న వీధే కలిసి బతుకుతుంది."