నా మెడ ఎవరి చేతికి లావు?

నేను ఒక ఎలక్ట్రిక్ గిటారును. ముసలిదాన్ని, లావు మెడదాన్ని. రెండో సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ మొదట అనేది అదే: "అబ్బ, ఏం మెడ ఇది, రోకలిబండలాగా." నేను ఎలా పలుకుతానో తర్వాత అడుగుతారు. కొందరు అసలు అడగరు.

మెడ అంటే ఎడమ చేత్తో పట్టుకుని తీగలు నొక్కే పొడుగాటి కొయ్య భాగం. సముద్రం అవతల ఒక కార్ఖానాలో దాన్ని చేశారు. మోటుగా కోసేది యంత్రం, నున్నగా తీర్చేది మనిషి. గిర్రున తిరిగే సానపట్టీకి నన్ను ఆనించేవాడు, అరచేత్తో తడిమేవాడు, మళ్లీ ఆనించేవాడు, ఇక చాలనిపిస్తే ఆపేవాడు. ఎవరికి చాలు? అతని అరచేతికి చాలు. నన్ను తీర్చినవాడిది పెద్ద చెయ్యి, అందుకే నేను లావు. పక్క బల్ల మీద ఒక బక్కచేతి మనిషి ఉండేవాడు. అతని దగ్గర పుట్టిన నా చెల్లెళ్లు తామరతూళ్లు. ఒకటే నమూనా, ఒకటే రంగు, ఒకటే వారం. ఇప్పుడు పాత గిటార్లు పోగేసే పెద్దమనుషులు చేరి, ఫలానా ఏడాది మెడలు లావు, ఆ మరుసటేడు సన్నం, దాని వెనక కంపెనీవారి గొప్ప ఆలోచన ఉందని వాదించుకుంటారట. వాదించుకోనీండి. పనివాడికి చెయ్యి ఉంటుందని ఒప్పుకోవడం కన్నా కంపెనీకి బుర్ర ఉందని ఒప్పుకోవడం వాళ్లకు సులువు.

ఓడెక్కి మద్రాసులో దిగాను, అక్కణ్ణుంచి బిట్రగుంట చేరాను. నెల్లూరు జిల్లాలో అది రైలు కోసం పుట్టిన ఊరు. బొగ్గు ఇంజన్లు నిలిచే షెడ్డు, రైల్వే క్వార్టర్లు, జనం డాన్సులాడే ఇన్‌స్టిట్యూట్. నన్ను కొన్నవాడు డెరిక్ అనే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు. ఊళ్లో డెరిక్ దొర అనేవాళ్లు. దొర అన్నానని భయపడకండి, ఒళ్లంతా మసి పులుముకున్న దొర. డ్రైవరు కాకముందు ఏళ్ల తరబడి ఇంజన్లోకి బొగ్గు ఎగదోసిన చెయ్యి ఆయనది. పార కామ, అదే కర్రపిడి, పట్టిన చేతికి నా మెడ లావనిపించలేదు. ఆ మాటే ఎత్తలేదు మహానుభావుడు.

ఆ ఇంటికి పొద్దున్నే దోసెలు తెచ్చే మనిషి ఎస్తేరురాణి. స్టేషను బయట దోసెల పొయ్యి ఆమెది. రోట్లో పొత్రం తిప్పి పిండి రుబ్బేదీ ఆమే. మనిషి పొట్టి, చేతులు చిన్నవి, నోరు మాత్రం చిన్నది కాదు. "దొరా, మీరు వాయించేది అంతా మూడు పట్లే గదా, నాలుగోది రాదా?" అని, తీగలు నొక్కే ఆయన వేళ్లు చూస్తూ ఒకరోజు అడిగింది. ఆయన నవ్వి నన్ను ఆమె ఒళ్లో పెట్టాడు. అలా మొదలైంది. దోసెలు చల్లారిపోయేవి, పాఠం సాగేది.

బొగ్గు ఇంజన్లు పోయాయి, షెడ్డు మూతపడింది, దొర ఊరు విడిచాడు. వెళ్తూ వెళ్తూ నన్నూ నా స్పీకరు పెట్టెనూ ఊళ్లోని చర్చికి ఇచ్చి ఒకే మాట చెప్పాడు: "వాయించగలిగినోళ్లు వాయించండి." ఇంత చిన్న మాటను మెలిపెట్టడానికి చోటెక్కడుంది అనుకున్నాను. సంఘాల సంగతి నాకప్పటికి తెలియదు.

చాలా కాలం ఎస్తేరురాణే వాయించింది. ఆదివారం దోసెల పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని వచ్చి, నన్ను భుజానికి తగిలించుకునేది. వారమంతా "దోసెలమ్మా, రెండు కట్టు" అని కేకేసే జనం ఆ గంటసేపు ఆమె చెయ్యి చూసి పాట ఎత్తుకునేవాళ్లు. ఆమెకు ఆ గంట ఏమిటో నాకు తెలుసు. నా మెడ మీద ఆమె అరచేతి వేడి ఉండేది, అబద్ధం చెప్పే చోటు కాదది.

ఇంతలో చర్చి పాటల బృందానికి పెద్ద అయిన దేవసహాయంగారి మేనల్లుడు సాల్మన్ నెల్లూరు నుంచి దిగాడు. పొడుగాటి వేళ్లు, పొడుగాటి జుట్టు, పొడుగాటి మాటలు. ఈస్టరు దగ్గర పడుతోంది. ఒక శనివారం మధ్యాహ్నం సాధనలో నన్ను తీసుకుని, చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కే పట్టు పట్టాడు. తుప్పుపట్టిన తలుపు తీసినట్టు మోత వచ్చింది. మళ్లీ పట్టాడు. మళ్లీ తలుపే.

"మామా, ఇది మెడ కాదు, తాటిదూలం. నెల్లూర్లో నేను వాయించినవి ఇంత సన్నం," అని చిటికెనవేలు చూపించాడు.

"చిటికెనవేలంతదైతే తీగలు యాడ కట్టారు నాయనా?" అంది ఎస్తేరురాణి.

దేవసహాయంగారు నవ్వలేదు. ఆయన ఆలోచిస్తున్నాడు. పెద్దమనిషి నవ్వకుండా ఆలోచిస్తున్నాడంటే ఎవరి మీదో దయ కురవబోతోందని అర్థం.

మర్నాడు ఆరాధన అయ్యాక మైకు పట్టుకున్నాడు. "మన సహోదరి ఎస్తేరురాణి చిన్న చేతుల్తో ఆ లావు మెడ పట్టుకొని ఇన్నాళ్లూ అగచాట్లు పడతా ఉండాది. ఆ కష్టం చూళ్లేక, ఆమె కోసరం, మెడను చిత్రిక పట్టించి సన్నం చేయించాలనుకున్నాం. కొత్త మెడ అలవాటయ్యేదాకా ఆమె ఆడోళ్ల వరసలో పాడుతుంది. ఈస్టరుకు సాల్మన్ వాయిస్తాడు."

ఎస్తేరురాణి లేచి నిలబడింది. "నాకు కష్టంగా ఉండాదని మీకెవురు చెప్పారన్నా?"

"నువ్వు చెప్పవులేమ్మా. అది నీ మంచితనం."

పక్కన కూర్చున్న సువార్తమ్మ కొంగు పట్టి లాగింది. "కూసో మే. నీ కోసరమేగా చేస్తుండారు."

చూశారా? బలవంతంగా లాక్కుంటే తిరగబడొచ్చు, మేలు చేస్తామంటే ఎలా తిరగబడతారు? మనిషి తోటి మనిషిని పక్కకు తొయ్యడానికి కనిపెట్టిన ఆయుధాల్లో దయను మించినది లేదు. నా సంగతికొస్తే, నా మెడ లోపల ఒక ఇనుప ఊచ ఉంది, తీగల లాగుడికి నేను వంగిపోకుండా. సాల్మన్ చిటికెనవేలంత సన్నం చెయ్యాలంటే చిత్రిక ఆ ఊచ దాకా పోవాలి. పోతే నేను నిలువునా చీలతాను. ఆమెకు వాయించడం పోతుంది, నాకు ప్రాణం పోతుంది, సాల్మన్‌కు మాత్రం వంక చెప్పుకోవడానికి మెడ మిగలదు.

సోమవారం పొద్దున్నే నన్ను వడ్రంగి కోటాచారి సావిట్లోకి మోసుకెళ్లారు. దేవసహాయంగారు, సాల్మన్, సాక్ష్యానికి ఇద్దరు సంఘ పెద్దలు. కోటాచారి గొడ్డళ్లకూ పారలకూ కామలు దించే మనిషి. ఆయనకు ఒక కట్టడి ఉంది. పట్టేవాడి చెయ్యి పట్టి చూడకుండా కామకు చిత్రిక పెట్టడు. ఊళ్లో అందరికీ తెలిసిన కట్టడి. దేవసహాయంగారు గొడ్డలి పట్టిన పాపాన పోలేదు గనక ఆయనకు తెలియదు.

"ఎవురి చేతికి సార్?" అన్నాడు కోటాచారి నన్ను తిప్పి చూస్తూ.

పెద్దలు ఇద్దరూ అక్కడే ఉన్నారు. మైకులో చెప్పిన మాట ఇంకా చల్లారలేదు. "ఎస్తేరురాణి చేతికి," అన్నాడు దేవసహాయంగారు.

"అట్టయితే ఆమెను రమ్మనండి."

"ఆమె ఎందుకు? ఇదిగో, మా సాల్మన్ చెయ్యి చూసి తియ్యి."

"ఈయన చెయ్యి చూసి ఆమెకు కామ ఎట్టా దించేది సార్? రేపు చేతిలో తిరిగి కాలి మీద పడితే నన్నే తిడతారు."

"ఇది గొడ్డలి కాదు ఆచారీ."

"పట్టుకునేది చెయ్యే గదా."

పెద్దల్లో ఒకాయన, పాపం, మంచి మనసుతోనే, "నిజమే గదన్నా, ఆమె కోసరమే అయినప్పుడు ఆమెను పిలిస్తే పోలా?" అని తనే స్టేషను వైపు నడిచాడు. దేవసహాయంగారు అడ్డం చెప్పలేకపోయాడు. అడ్డం చెప్పాలంటే నిజం చెప్పాలి.

ఎస్తేరురాణి పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను తీసుకుంది. చూపుడువేలు ఆరు తీగల మీదా పరిచి, సాల్మన్‌కు తలుపు మోత మోగిన ఆ పట్టే పట్టి, ఒక్కసారి మీటింది. స్పీకరు లేదు, సావిట్లో సన్నగా పలికాను. ఆరు తీగలూ పలికాయి.

కోటాచారి ఆమె అరచేతికీ నా మెడకూ మధ్య తన వేలు దూర్చబోయాడు. దూరలేదు. "సందే లేదు. అరచెయ్యి నిండిపోయింది. దీంట్లో తీసేదేముండాది?"

"రోజూ పొత్రం తిప్పే చెయ్యి ఆచారీ," అంది ఎస్తేరురాణి. "చేతి నిండా ఉంటేనే దానికి నిమ్మళం. సన్నంది పట్టుకుంటే బిగబట్టి బిగబట్టి వేళ్లు కొంకర్లు పోతాయి." తర్వాత దేవసహాయంగారి వైపు తిరిగింది. "ఎవురి చేతికి లావయిందో వాళ్లను పిలిపించండన్నా. ఆచారి ఖాళీగానే ఉండాడు."

దేవసహాయంగారు సావిడి కప్పు చూశాడు. సాల్మన్ చెయ్యి ప్యాంటు జేబులోకి పోయింది. "నాది" అని ఒక్క మాట అంటే చాలు, చిత్రిక సిద్ధంగా ఉంది. కానీ ఆ మాట అనాలంటే ఆ పొడుగాటి చేతిని దోసెలమ్మ చేతి పక్కన పెట్టి చూపించాలి. జేబులోంచి చెయ్యి రాలేదు. మగతనం నా మెడను కాపాడింది. అది ఎవరినైనా కాపాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఈస్టరు పొద్దున చర్చి కిటకిటలాడింది. మెడ పాత మెడే, ఆ పట్టు సాల్మన్‌కు ఇంకా రాలేదు గనక ఎస్తేరురాణే నన్ను తగిలించుకుని నిలబడింది. దేవసహాయంగారు మైకు పట్టుకుని, "సంఘం శ్రద్ధ తీసుకొని ఆచారి చేత మెడ తీర్చిదిద్దించింది," అన్నాడు. అబద్ధం అనడానికి లేదు, ఎంత తీర్చాడో చెప్పలేదుగా. జనం లేచొచ్చి నన్ను తడిమారు. "ఇప్పుడు చూడు మే, ఎంత సన్నంగా, ముద్దుగా ఉండాదో," అంది సువార్తమ్మ. "నేను చెప్పలా, ముందు తాటిదూలంలా ఉండేది," అన్నాడు సాల్మన్. పొట్టు కూడా రాలని మెడ మీద అన్ని చేతులూ తిరిగాయి, ఒక్క చేతికీ తేడా తెలియలేదు. కళ్లతో కాదు, చేతులతో కాదు, మనుషులు మైకుతోనే కొలుస్తారని ఆ పొద్దున నాకు తెలిసింది.

"ఇంక మన సహోదరి ఏ బాధా లేకుండా వాయిస్తుంది," అని ముగించాడు దేవసహాయంగారు.

ఎస్తేరురాణి మైకు తన వైపు తిప్పుకుంది.

"మెడ అట్నే ఉండాది. చెయ్యీ అట్నే ఉండాది. పాట ఎత్తుకోండి."

ఎత్తుకున్నారు.