తొడిమల హాలుకి చల్లగాలి

మా కోటిరత్నం దగ్గు నాకు గోడకవతల నుంచే తెలుస్తుంది. సత్తెనపల్లి రోడ్డులోని ఒక కోల్డ్ స్టోరేజీలో నేను కంప్రెసర్ ఆపరేటర్ని. పక్క హాల్లో నా భార్య మిరపకాయల తొడిమలు తీస్తుంది. అక్కడ నలభై మంది ఆడవాళ్ళు దగ్గుతారు గానీ, రెండు పొడి దగ్గులు, ఆ వెంటనే ఒక దీర్ఘం లాగేది ఆమె ఒక్కతే. ఆ ఏడు ఎండలు ముదరకముందే దీర్ఘాలు ఎక్కువయ్యాయి. పని మానెయ్యమంటే, "నువ్వు మానేసి ఇంట్లో వంట చెయ్యి, నేనొచ్చి తింటా" అంది.

అది రెండువేల తొమ్మిది. పక్కనే కొత్త స్టోరేజీ కట్టబోతున్నారు. అందులో తొడిమల హాలుకి చల్లగాలి పెట్టిస్తానని మా ఓనరు ఉదయ్ కుమార్ గారు మాటిచ్చారు. చల్లగా ఉంటే మిరప ఘాటు అంతగా లేవదు గనక నా ఆశంతా ఆ మాట మీదే. కరెంటు పొదుపు సర్టిఫికెట్ కోసం లెక్క కట్టడానికి ఆయన హైదరాబాద్ నుంచి హేమశ్రీ అనే ఇంజనీరమ్మాయిని కూడా పెట్టుకున్నారు.

మార్చిలో ఒకరోజు ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఆయన నవ్వుతూ కంప్రెసర్ గదిలోకి వచ్చారు.

"యలమందా, పొదుపు ఇరవై ఎనిమిది శాతం వచ్చింది! హాలుకి చల్లగాలి లేకుండానే లెక్క కట్టిందంట. ఇంకెందుకు, అది తీసేద్దాం" అని చెప్పి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. "హాలుకి చల్లగాలి ఎందుకు తీసేశావమ్మా?" అని ఆ అమ్మాయినే అడిగాను.

"అది గోడౌను కదా బాబాయ్? దీపావళికి వచ్చినప్పుడు నిండా బస్తాలున్నాయి."

మా హాలు ఆర్నెల్లు గోడౌను. కొత్త కాయ దిగాక ఆడవాళ్ళు కూర్చునే చోటు. మాకు తెలిసిందే కదా అని ఆమెకి ఎవరమూ చెప్పలేదు.

"ఇంతకీ దేనికంటే పొదుపు?"

"కంప్యూటర్లో రెండు భవనాలు కడతాం బాబాయ్. ఒకటి మనది, రెండోది అందరూ కట్టే మామూలుది. దానికంటే మనది ఎంత తక్కువ కరెంటు కాలుస్తుందో చూస్తాం."

"ఆ మామూలు దాంట్లో హాలుకి చల్లగాలుందా?"

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి చూసుకుంది. ముఖం వాడిపోయింది. "ఉంది. అక్కడ తీసెయ్యడం మర్చిపోయాను."

"ఏం తల్లీ, ఒక జత ఎడ్లకి బండ కట్టి, ఇంకో జతని ఉత్త కాడితో పరిగెత్తించి, ఇవే గెలిచాయంటావా? మా పందేల్లో అయితే తంతారు!"

అంతటితో ఊరుకోక, తీసుకెళ్ళి కోటిరత్నం పక్కన కూర్చోబెట్టి తొడిమలు తీయించాను. పది నిమిషాలకే ఆ పిల్లకి కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. నా కోపానికి నాకే సిగ్గేసింది.

"పసిదాన్ని ఏడిపించడానికి బుద్ధి లేదా?" అని కోటిరత్నం నన్ను తిట్టి, మంటెక్కిన ఆ పిల్ల చేతులకి మజ్జిగ రాసింది.

సాయంత్రం హేమశ్రీ ఓనరు ముందు నిలబడింది. నన్నూ రమ్మంది.

"తప్పు నాదే సార్. పోల్చేటప్పుడు రెండు భవనాల్లోనూ అవే గదులు చల్లబరచాలి. మీరు హాలుకి చల్లగాలి పెట్టకపోయినా, రెండింట్లోనూ ఒకే యంత్రం ఉన్నట్టే లెక్కలో వేస్తారు. తీసేసినందుకు ఒక్క శాతం కూడా కలిసిరాదు. నిజమైన పొదుపు పదకొండే."

"మరి సర్టిఫికెట్?"

"గోడలకి మందమైన థర్మోకోల్, ఇంకా మంచి కంప్రెసర్ పెట్టి సంపాదిద్దాం. హాలు జోలికి మాత్రం వెళ్ళొద్దు సార్."

ఆయన చాలాసేపు గొణుక్కుని చివరికి సరేనన్నారు. కూతురు లేని నాకు ఆ పూట ఆ పిల్ల ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

మరుసటి ఏడు కొత్త హాల్లో పని మొదలైంది. నన్నూ దాని పక్కనున్న కొత్త కంప్రెసర్ గదికి మార్చారు. మొదటిరోజు పదకొండైనా గోడకవతల నుంచి కోటిరత్నం దగ్గు వినపడలేదు. ఇంకో పావుగంట చూశాను. ఇక నా వల్ల కాలేదు. కంప్రెసర్ని హెల్పర్ పిచ్చయ్యకి అప్పగించి పరిగెత్తాను.

కోటిరత్నం చలికి నా తువ్వాలు తలకి చుట్టుకుని, కబుర్లాడుతూ తొడిమలు తీస్తోంది.

"ఏమయ్యా, మిషను వదిలేసి వచ్చావేంటి?"

"నీ దగ్గు వినపడలేదు. ఏమైందోనని..."

మిగతా వాళ్ళంతా గొల్లున నవ్వారు. కోటిరత్నం మాత్రం నవ్వలేదు. నా ముఖంలోకి కాసేపు చూసి, నాకోసం కావాలనే దగ్గింది. రెండు పొడిగా, ఒకటి దీర్ఘంగా.

"విన్నావుగా, ఇక పోయి పని చూసుకో" అంది.