ఎవరూ పెట్టని ముక్క

మెండి కొండల్లో పందులకు జబ్బు తగిలి, ఏటికి అవతల ఊళ్లకు ఊళ్లే ఊడ్చుకుపోయాయి. ఇవతల కూడా సగం దొడ్లు ఖాళీ. చెవులు ఎర్రబడి, కాళ్లు తడబడి, పందులు పిట్టల్లా రాలిపోయాయి. పిసినారి కలేపో పందులు మాత్రం బురదలో దొర్లుతూ హాయిగా గురగురమంటున్నాయి. చేతబడి చేశాడు ముసలాడు, ఇంకేముంది అంది ఊరంతా. ఊరికేం, నోటికొచ్చింది అంటుంది! యాలమెకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. కలేపో పందులు ఎలా బతికాయో తెలిస్తేనే తన ఎపాను బతికించుకోగలదు.

ఎపా చూలుతో ఉన్న పంది. పిల్లప్పుడు చిలగడదుంప నమిలి దాని నోట్లో పెట్టి సాకింది యాలమె. పట్నంలో పనికున్న తమ్ముడు రింబు పెళ్లిలో, పెళ్లికూతురి వాళ్లకిచ్చే ఓలి పందుల్లో ముందు నడవాల్సింది అదే. అది పోతే పెళ్లీ పోతుంది.

కలేపో దొడ్డి పక్కదే. కంచె మీద మోచేతులు ఆనించి అడిగింది.

"మావా, ఏం మందు పెట్టావు? నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతావు?"

"మందా, నా మొహమా! నాకు మందిచ్చే నాథుడెవడే?"

"పోనీ, ఈమధ్య ఎవరైనా మాంసం పంపారా?"

"నేనెవరికి పెట్టానని నాకు పెడతారు? ముక్క మొహం చూసి ఏళ్లయింది!"

యాలమెకు అప్పుడు తట్టింది. పంది చస్తే ఒళ్లు చల్లబడకముందే కోసి, పచ్చి తొడలు చుట్టాలకు పంపడం ఆచారం. ఆ చుట్టాలు ముక్క కడిగిన నీళ్లూ, తోలు ముక్కలూ తమ పందులకు పోస్తారు. ఊళ్లో ముందు ఎవరి పందులు పోయాయి? కిరాపువి. బంధుబలగం ఎక్కువున్నదీ కిరాపుకే. చుట్టాలున్న కొంపే ముందు మునిగిందన్నమాట!

పందుల సంగతి చూడ్డానికి ఊళ్లోకి వచ్చిన వ్యవసాయాధికారిని పట్టుకుని, జబ్బు మాంసంతోనే వస్తోందా అని అడిగేసింది.

"నిజమేనమ్మా," అన్నాడతను. "మనుషులకేం కాదు. కానీ పచ్చిమాంసంతో, కత్తితో, కాళ్లకంటిన బురదతో కూడా జబ్బు వెంట వస్తుంది. మన దగ్గర మందూ లేదు, టీకా లేదు. చచ్చినవాటిని పాతిపెట్టి, బతికినవాటి దగ్గరికి ఎవర్నీ రానివ్వకపోవడమే."

చెప్పినంత తేలికా? మర్నాడే ఏటి అవతలి ఊరినుంచి అక్క వేపమె వచ్చింది. భుజాన వేలాడే అల్లిక సంచిలో పంది తొడ.

"ఆగక్కా! కంచె దాటకు!"

"ఏమే, నా ఇంటి ముక్క నీకు చేదైందా? ఉన్న ఒక్క పందీ చచ్చింది. దాని తొడ నీకే తెచ్చానే. వద్దంటే చెప్పు, ఇక నీకూ నాకూ ఏమీ లేదనుకుంటా."

యాలమెకు ఏడుపొచ్చింది. ముక్క కాదంటే అక్క లేనట్టే, లోపలికి తెస్తే ఎపా లేనట్టే. చటుక్కున పక్కదొడ్డి వైపు తిరిగింది.

"మావా! ఇవాళ్టినుంచి నా ఎపాకు నువ్వే మేత వెయ్యాలి. ఈ ముక్క ముట్టుకున్నాక, ఆ జబ్బు పోయేదాకా నేను లోపలికి రాను."

"నా దుంపలా?"

"నా దుంపలేలే, నీ ప్రాణమేం పోదు!"

కంచె దూకి అక్క పక్కకు చేరింది. ఇద్దరూ బయటే గొయ్యి తవ్వి, కాల్చిన రాళ్ల మధ్య తొడను పెట్టి, ఆకులు కప్పారు. ఉడికాక అక్కడే కూర్చుని తిన్నారు. ఏడుస్తూనే నవ్వుకున్నారు కూడా.

కలేపో ఎపా ముందు దుంపలు వేస్తూ, ఉండబట్టలేక ఇటే చూస్తున్నాడు. ఆకలి చూపు కనబడితే వేపమె చెయ్యి ఊరుకోదు. పెద్ద ముక్క ఆకులో పెట్టి ఎత్తి చూపించింది.

"రావయ్యా కలేపో! మా పంది ఆఖరి ముక్క, నువ్వూ తిను."

ముసలాడి చేతిలోని దుంప జారిపోయింది. గబగబా వచ్చి కంచె మీద కాలు వేశాడు.

"మావా, దిగకు!" అరిచింది యాలమె. "నువ్వూ ఇటొస్తే దాని దగ్గరికి వెళ్లేవాళ్లే ఉండరు!"

అతను కంచె మీదే ఆగిపోయాడు.

"నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదే, యాలమే."

"తెలుసు మావా," అంది యాలమె.

కలేపో మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు. పడిన దుంప తీసి, దులిపి, ఎపా దగ్గరికి నడిచాడు. వెళ్తూ వెళ్తూ, ఏమీ తినకుండానే మూతి తుడుచుకున్నాడు.