గుండ్రటివి తిరుగుతాయి

నరసాపురం రేవులో, జనాన్ని ఏరు దాటించే పంటు కదిలితే నీళ్లమీద డీజిల్ పొర పరుచుకుంటుంది.

నెమలి రంగులు. ముంచినా మునగదు. కలిపినా కలవదు.

అలా నూనెకీ నీళ్లకీ నడుమ నిలిచే రేణువుల గురించే మా అమ్మాయి రూబీ చదువు. రాజమండ్రిలో. కంటికి ఆనవు. ఒక్కోదానికి రెండు ముఖాలట. ఒకటి నీళ్లను కోరుతుంది, ఒకటి వద్దంటుంది.

మొన్న సెలవులకొచ్చి ఫోన్లో చూపించింది. గుండ్రటివి దొర్లి దొర్లి, నీళ్లు పడని ముఖాన్ని లోపలికి దాచుకుంటున్నాయి. బిళ్లల్లాంటివి ఒకదాన్నొకటి కరుచుకుని బిగుసుకుపోతున్నాయి.

"రెంటికీ పూత ఒకటే నాన్నా. ఆకారమే తేడా. గుండ్రటివి తిరుగుతాయి. బిళ్లలు అతుక్కుంటే ఇంక తిరగవు."

పక్కన రొయ్యలు ఒలుస్తూ మా అమ్మ నవ్వింది.

"అయితే నేను గుండ్రటిదాన్నేనే."

అవును... అమ్మ అప్పాయమ్మ, ఏటిమీద చేపలవేట చేసే ఇంటి పిల్ల. నాన్న చిట్టియ్య, లూథరన్ చర్చి మనిషి. ఆదివారం చర్చి గేటు దగ్గర అమ్మ కొంగుతో బొట్టు చెరుపుకునేది. ఇంటికొచ్చి, కుంకంభరిణె తీసి మళ్లీ పెట్టుకునేది.

చెరపడం — పెట్టుకోవడం.

చెరపడం — పెట్టుకోవడం.

ఇవాళ అమ్మ పందిట్లో పడుకుని ఉంది. తిరగదు.

భీమరాజు మావయ్య పుట్టింటి చీర, కుంకం తెచ్చాడు. ముత్తైదువగా పోయింది, బొట్టుతోనే ఏటిగట్టున దహనం చెయ్యాలన్నాడు. చర్చి పెద్ద విజయ్ పాల్ గారు నన్ను పక్కకి పిలిచారు.

"బొట్టు తుడిచెయ్యండి బాబూ. చర్చి సమాధుల దొడ్లో, నాన్నగారికి అనుకున్న చోటు పక్కనే పెట్టిద్దాం."

మావయ్య విననే విన్నాడు.

"మీ చర్చికి మా అక్క నుదురు కూడా కావాలేంటండి?"

మావయ్యవాళ్లంతా వేపచెట్టు కింద. చర్చివాళ్లంతా గోడవార. ముఖాలు ముఖాలవైపు, వీపులు అమ్మవైపు.

బిళ్లల్లా.

రెండు గుంపులూ ఆవిడ చేతి పులుసు తిన్నవే.

నాన్న ఒక్కమాటే అన్నాడు. "నా పక్కనుండాల్రా."



పొద్దు వాలుతోంది. ఎవరో తడిగుడ్డ నా చేతిలో పెట్టారు.

అమ్మ చెరుపుకుంటే మళ్లీ పెట్టుకునేది. నేను చెరిపితే —

రూబీ గుమ్మంలో నిలబడింది. పిడికిట్లో కుంకంభరిణె.

గుడ్డలోంచి నీళ్లు నా పాదాలమీద కారుతున్నాయి.

రేవులో పంటు కదిలిన చప్పుడు. నీళ్లమీద పొర విచ్చుకునే ఉంటుంది... నెమలి రంగులు.

ఈ ఒడ్డుకీ చేరదు. ఆ ఒడ్డుకీ చేరదు.